ఆరంభశూరులు చాలు – సాధనాశూరులు కావాలి

సెల్‌ఫోను పల్లెకు వచ్చిన తరువాత గారడీ విద్య కూడా దాని వెంటే వచ్చింది. రూపాయి బిళ్ళను ఎట్లా మాయం చేయాలి, కోసిన తాడును ఎట్లా అతికించాలి, ఎదుటివాడు తీసిన పేకముక్కను ఎట్లా చెప్పాలి అని వెతికితే చాలు, రెండు నిమిషాలలో గుట్టు విప్పి చెప్పేవారు వందల మంది దొరుకుతున్నారు. దానితో బడి పిల్లలు, కాలేజీ యువకులు వినాయక మంటపాల వద్ద, బడి వార్షికోత్సవాలలో, పెండ్లిండ్లలో నాలుగు గమ్మత్తులు చేసి చూపాలని ఉబలాటపడుతున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. కాని వీరిలో చాలామంది సోమవారం నేర్చి, మంగళవారం జనం ముందు చేసి, పట్టుబడి, నవ్వులపాలై, బుధవారం నాటికి విడిచిపెడుతున్నారు.

ఇటువంటి వారిని ఆరంభశూరులు అంటారు. ఆ మాట అందరికీ తెలిసినదే. సాధనాశూరులు అనే మాట మాత్రం ఈనాటి పిల్లలలో చాలామంది విని వుండరు. అది పుస్తకాలలో పుట్టిన మాట కాదు. తెలంగాణ గడ్డ మీద తరతరాలుగా ఇంద్రజాలాన్నే బతుకుదెరువుగా చేసుకున్న ఒక కులం పేరు అది. గారడీ నేర్వాలనుకునే యువకుడు ఫోను తెరవడానికి ముందు ఈ పేరు గురించి కాస్త ఆలోచించవలసి వున్నది.

పేరులోనే పాఠం

తెలంగాణలో చాలా కులాలకు వాటిని ఆశ్రయించి బతికే కళాకారుల కులాలు వున్నాయి. మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు వున్నట్లే, పద్మశాలీలనే ఆశ్రయించిన మరొక కులం సాధనాశూరులు. నేతవాడలకు వచ్చి, ఇంద్రజాలం, కండబలం చూపే విద్యలు ప్రదర్శించి, పద్మశాలీలు ఇచ్చింది పుచ్చుకుని మరొక వూరికి సాగిపోవడం వారి ఆనవాయితీ. అటు పోచంపల్లి, పుట్టపాక, గట్టుప్పల, చండూరు, ఇటు గద్వాల, నారాయణపేట, కొత్తకోట, రాజోలి – మగ్గం చప్పుడు వినిపించే ఇట్టి వూళ్ళే వారికి ఆధారం. మగ్గం చప్పుడు తగ్గినకొద్దీ వారి రాకపోకలూ తగ్గుతూ వచ్చాయి.

ఇంద్రజాలం ఈ ప్రాంతాలకు కొత్త ఏమీ కాదు. విజయనగర రాజుల కాలం నాటి శాసనాలలోనే విప్రవినోదులు అనే గారడీ విద్వాంసుల ప్రస్తావన కలదు. ఆ తరువాత కూడా అంగళ్ళలో, జాతరలలో గారడీవాని డమరుకం మోగుతూనే వచ్చింది. దురాజ్‌పల్లి పెద్దగట్టుకు, చెరువుగట్టుకు, కురుమూర్తికి, మన్యంకొండకు జాతర వేళ పోయిన పెద్దలను అడిగితే తాము చిన్నతనంలో చూసిన గారడీల గురించి ఇప్పటికీ చెబుతారు.

అయితే ఇన్ని పేర్లలో సాధనాశూరులు అనే పేరుకు ఒక విశేషం వున్నది. వారు తమను మంత్రశూరులు అనుకోలేదు. మహిమాశూరులు అనుకోలేదు. సాధన చేసినవాడే శూరుడు అని పేరులోనే చెప్పుకున్నారు. తమ చేతిలోని విద్య దేవుడు ఇచ్చినది కాదు, దయ్యం ఇచ్చినది కాదు, పొద్దున్నే లేచి చేసిన అభ్యాసం ఇచ్చినది అని ఒక కులం కులమే తన పేరుతో ఒప్పుకున్నదన్నమాట. ఇంతకంటే నిజాయితీ గల పేరు వేరొకటి వుండదు.

గుట్టు వేరు, విద్య వేరు

ఫోను చేసే మేలు ఒకటి, చేసే కీడు ఒకటి. అది గుట్టు చెబుతుంది. గుట్టు తెలిసింది గనుక విద్య వచ్చేసిందని పిల్లవాడు అనుకుంటాడు. అక్కడే చెడిపోతాడు. ఈత కొట్టడం ఎట్లాగో చెబితే విన్నవాడు బావిలో దూకితే ఏమవుతుందో గారడీలోనూ అదే అవుతుంది. తెలిసింది తలకు, రావలసింది చేతికి.

ఈ సంగతి నేతపని చేసే ఇంటి పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. పోచంపల్లి చీర నేయడానికి ముందు నూలును ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేయబూని, 1992లో మొదలుపెట్టి 1999లో గాని పూర్తి చేయలేకపోయారు. బడి చదువు మధ్యలోనే ఆగిన ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. యంత్రం చేయాలన్న ఆలోచన ఒక్క రోజులో వచ్చి వుండవచ్చు. దానిని పనిచేయించడానికి ఏడేండ్లు పట్టింది. ఆలోచనకూ పనితనానికీ మధ్య వుండే దూరం ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గారడీలోనూ అంతే. అన్నింటికంటే తేలికగా కనిపించే రూపాయి బిళ్ళ ఆటనే తీసుకోవచ్చు. బిళ్ళను అరచేతి మడతలో పట్టుకుని, ఖాళీ చేయిలా చూపించాలి. చేయి బిగుసుకుంటే దొరికిపోతాడు. వేళ్ళు కర్రల్లా నిలబడితే దొరికిపోతాడు. బిళ్ళ వున్న చేయి, లేని చేయి ఒకే తీరుగా కనిపించాలి. దీనికి అద్దం ముందు చేసే అభ్యాసం ఒక్కటే చాలదు. బిళ్ళను అరచేతిలో వుంచుకునే చాయ్ తాగాలి, తలుపు తీయాలి, పుస్తకం తిరగేయాలి, పక్కవానితో మాట్లాడాలి. చేతిలో బిళ్ళ వున్న సంగతి చేయి మరిచిపోయేదాకా ఇది సాగాలి. చేయి మరిచిపోయిన నాడు చూసేవాడికీ అనుమానం రాదు.

రెండవ మెట్టు ఇంకా ముఖ్యం. కుడిచేతి బిళ్ళను ఎడమచేతిలో పెట్టినట్టు నటించడానికి ముందు నిజంగానే పెట్టి చూడాలి. ఒకసారి కాదు, యాభైసార్లు. నిజంగా పెట్టినప్పుడు వేళ్ళు ఎట్లా ముడుచుకుంటున్నాయి, కళ్ళు ఎటు పోతున్నాయి, భుజం ఎంత కదులుతున్నది గమనించాలి. తరువాత పెట్టకుండానే పెట్టినట్టు చేయాలి. నకలు అసలుకు సరిపోయినప్పుడే గారడీ. చాలామంది పిల్లలు అసలు ఎట్లా వుంటుందో చూసుకోకుండానే నకలు నేర్వబూనుతున్నారు. అందుకే అది నకిలీగా కనిపిస్తున్నది.

పది ఆటలు కాదు, ఒక్క ఆట

నేర్వబోయే వారు చేసే పెద్ద పొరపాటు పది ఆటల మీద ఒకేసారి పడడం. పది బావులు రెండేసి గజాలు తవ్వినవానికి నీరు పడదు. ఒక్క బావిని ఇరవై గజాలు తవ్వినవానికి పడవచ్చు. ఒక్క ఆట పట్టుకుని, రోజుకు పావుగంట, రెండు మూడు నెలలు విడవకుండా చేయడం మేలు. ఆదివారం నాడు నాలుగు గంటలు కూర్చుని, వారమంతా మరిచిపోవడం వల్ల చేయికి అలవాటు కాదు. అభ్యాసం కూసువిద్య అని పెద్దలు వూరికే అనలేదు.

ఏ ఆట నేర్వాలన్న ప్రశ్నకు సమాధానం పల్లెలోనే వున్నది. పట్నం దుకాణాల్లో అమ్మే రంగురంగుల డబ్బాలు కొననవసరం లేదు. రూపాయి బిళ్ళ, తువ్వాల, నులక తాడు, చింతగింజలు, గోలీలు, మూడు గిన్నెలు – ఇవి చాలు. మూడు గిన్నెల కింద గోలీలను మార్చి చూపే ఆట ప్రపంచంలోని అతి పాత గారడీలలో ఒకటి. రెండు వేల ఏండ్ల కిందటి రోమ్ తత్వవేత్త సెనెకా తన లేఖలో దీనిని పేర్కొన్నాడు. దక్షిణ దేశం నుంచి ఇంగ్లండు వెళ్ళి, 1850లో లండనులోనే కన్నుమూసిన రామస్వామి అనే గారడీవాడు ఇదే ఆటతో అక్కడి వారిని మెప్పించాడు. ఆయన పేరును వారు రామో సామీ అని పలికేవారు. ఆయన వద్ద వున్న సామగ్రి ఈనాడు ఏ పల్లె పిల్లవానికైనా దొరికేదే. ఆయనకు వున్నదీ ఈ పిల్లవానికి లేనిదీ సాధన మాత్రమే.

పల్లెలో వాడుకలో వున్న వస్తువుతో చేయడంలో మరొక లాభం వున్నది. దుకాణం డబ్బాను చూసిన వెంటనే జనం డబ్బాలో ఏదో వున్నదంటారు. ఇంట్లోని చెంబుతో, ఎదుటి వాని తువ్వాలతో చేస్తే ఆ మాట అనలేరు. మెప్పు చేతికే దక్కుతుంది.

చూపు, మాట

చేయి కుదిరిన తరువాత కుదరవలసినవి కళ్ళు. చేసేవాడు ఎటు చూస్తే జనం అటు చూస్తారు. బిళ్ళ దాచిన చేతివైపు తానే దొంగచూపు చూసినవాడు జనాన్ని పిలిచి మరీ చూపించినట్టే. ఖాళీ చేయినే బిళ్ళ వున్న చేయి అని తాను నమ్మి చూడగలిగినవాడు సగం గెలిచినట్టే. పెద్ద కదలిక చిన్న కదలికను కప్పేస్తుంది. జనం నవ్విన క్షణంలో చూపు సడలుతుంది. ఆ క్షణమే పని జరగవలసిన క్షణం. ఇవన్నీ మంత్రాలు కావు. మనిషి కన్ను ఒకేసారి రెండు చోట్ల నిలవలేదన్న చిన్న నిజం మీద నిలబడిన పనితనం.

ఆ తరువాత మాట. గారడీవాడు తన పిల్లవానితో ఆడే మాటల ఆట పాతతరం వారికి గుర్తే వుంటుంది. "పిల్లగా, యాడున్నవ్?" అని ఉస్తాద్ పిలిస్తే, "ఈడ్నే వున్న ఉస్తాద్!" అని దుప్పటి కింద నుంచి పిల్లవాడు పలికేవాడు. జనం ఆ సంభాషణకు నవ్వుతుండగానే పని జరిగిపోయేది. ఈనాటి పిల్లలు ఫోనులో విన్న ఇంగ్లీషు మాటలను, హిందీ మాటలను వల్లెవేస్తున్నారు. అవి వారి నోట నిలవవు, చూసేవారి చెవిన పడవు. సొంత యాసలో, సొంత వూరి ముచ్చటతో అల్లుకున్న మాటకు వున్న బలం అరువు మాటకు రాదు.

ప్రదర్శనలో సమయజ్ఞానం ఎంత బలమైనదో చెప్పడానికి పి.సి. సర్కార్ ఉదంతం ఒకటి చాలు. 1913లో తూర్పు బెంగాల్‌లోని టాంగైల్‌లో పుట్టిన సర్కార్ 1956 ఏప్రిల్‌లో లండను బి.బి.సి. టెలివిజనులో ఒక యువతిని రంపంతో రెండుగా కోసే ఆట చూపాడు. ఆమె లేవకముందే కార్యక్రమం సమయం ముగిసింది. ఆమె నిజంగానే చనిపోయిందేమోనని కంగారుపడి జనం చేసిన టెలిఫోన్లతో బి.బి.సి. కార్యాలయం హోరెత్తిపోయింది. మరునాడు పత్రికల నిండా సర్కార్ పేరే. ఆట పాతదే. ఎక్కడ ఆపాలో తెలియడమే కొత్తది. ఆ సర్కార్ 1971 జనవరిలో జపానులో ప్రదర్శనలు ఇస్తూనే కన్నుమూశాడు. చివరి వరకు సాధన విడవనివారికి ఆయన ఒక ఉదాహరణ.

నాలుగు వైపులా జనం

రంగస్థలం మీద చేసేవానికి జనం ఒక వైపే వుంటారు. అంగడిలో నేల మీద కూర్చుని చేసేవాని చుట్టూ నాలుగు వైపులా వుంటారు. వెనుక నిలబడిన పిల్లవాడు కూడా పట్టుకోలేని విధంగా చేయడమే పల్లె గారడీవాని గొప్పతనం. అందుకే నేర్చుకునేవారు అద్దం ఒక్కదానినే నమ్మకూడదు. నమ్మకమైన ఒక స్నేహితుని కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి, వెనుక ఒకసారి కూర్చోబెట్టి చేయాలి. ఎక్కడ కనిపించిందో చెప్పమనాలి. ఫోనుకు అసలు ప్రయోజనం ఇక్కడే వున్నది. దానిని గోడకు ఆనించి తన చేతులను తానే చిత్రించుకుని చూసుకుంటే, పదిమంది పొగడ్తలు చెప్పలేని తప్పు అది చెబుతుంది.

మరి కొన్ని నియమాలు అనుభవజ్ఞులు పాటించేవి కలవు. ఒకే ఆటను అదే జనం ముందు వెంటనే రెండోసారి చేయరాదు. మొదటిసారి ఆశ్చర్యపోయినవాడు రెండోసారి ఎటు చూడాలో తెలుసుకుని చూస్తాడు. ఏమి జరగబోతుందో ముందుగా చెప్పరాదు. ఆట చెడితే కోపగించరాదు, తానే నవ్వి మరొక ఆటలోకి పోవాలి. నలుగురిలో ఒకరిని ఎగతాళి చేసి మెప్పు పొందరాదు. ఆడపిల్లలను, ముసలివారిని బెదిరించే ఆటలు చేయరాదు. కత్తులు, నిప్పు జోలికి పిల్లలు అసలే పోరాదు. పామును పట్టి ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం అన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

ఒకే ఆట – రెండు పేర్లు

ఇంతవరకు చెప్పినది సరదా కోసం నేర్చుకునే వారికి. అయితే ఈ జిల్లాలలో గారడీ విద్య సరదాతో ఆగే వ్యవహారం కాదు. ఇదే ఆటను ఒకడు జాతరలో చేసి "ఇది హస్తలాఘవం" అంటాడు. అతనికి చిల్లర పైసలు దొరుకుతాయి. మరొకడు అదే ఆటను గుడిసెలో దీపం పెట్టి చేసి "ఇది మహిమ" అంటాడు. అతనికి మేక, కోడి, వెండి కడియం, కొన్నిచోట్ల ఎకరం అమ్మిన డబ్బు దొరుకుతున్నది. ఆట ఒకటే. చెప్పిన మాటలోనే తేడా.

నిమ్మకాయ కోస్తే రక్తం కారిందని, ఎవరో చేతబడి చేశారని చెప్పే మంత్రగాళ్ళు పల్లెలకు కొత్త కాదు. మందారపూల రసం పూసి ఆరబెట్టిన కత్తితో ఏ నిమ్మకాయ కోసినా రసం ఎర్రగానే వస్తుంది. పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కుతుందని ప్రతి ఇంటి ఆడవారికీ తెలుసు. ఆ తెలిసిన సంగతే మంత్రగాని పళ్ళెంలో జరిగితే మాత్రం రక్తం అయిపోతున్నది. గాలిలో నుంచి తీసిన విభూతి, గంజితో తడిపి ఆరబెట్టి వేళ్ళ సందున దాచిన బూడిద వుండ. అగ్గిపుల్ల లేకుండా హోమం మండడం, ఒకదాని మీద ఒకటి పడితే మండే రెండు రసాయనాల పని. నాలుకకు గుచ్చిన శూలం, మధ్యలో వంపు తిప్పిన శూలం.

డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. ప్రాణాలు పోతున్నాయి. బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టడం, పళ్ళు ఊడబెరకడం, చంపడం వంటి ఘోరాలు తెలంగాణ పల్లెలలో పలుమార్లు జరిగినవే. అనుమానానికి గురయ్యేది ఎప్పుడూ దిక్కులేని ముసలమ్మో, పేదవాడో, భూమి తగాదాలో వున్నవాడో. "ఫలానా వారే చేశారు" అని వేలు చూపించే మంత్రగాని మాటకు బలం ఎక్కడినుంచి వచ్చింది? అంతకు ముందు అతడు చూపిన నిమ్మకాయ రక్తం నుంచి వచ్చింది. ఆ నిమ్మకాయ గుట్టు వూరిలో ఒక్క పిల్లవానికి తెలిసి, దానిని నలుగురి ముందు చేసి చూపగలిగి వుంటే, ఆ వేలు లేవదు.

ఇది ఈ ప్రాంతంలో ఒక్కచోట జరిగే వింత కాదు. ఇంగ్లండులో మంత్రగత్తెలనే నెపంతో ముసలి స్త్రీలను ఉరితీస్తున్న కాలంలో రెజినాల్డ్ స్కాట్ అనే పెద్దమనిషి 1584లో ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులో అంగడి గారడీవాళ్ళు చేసే ఆటల కిటుకులు వివరించి, ఇది చేతిపని, దీనికి దయ్యంతో పనిలేదు అని చాటాడు. ఇంగ్లీషులో గారడీ కిటుకులు చెప్పిన తొలి పుస్తకాలలో అది ఒకటి. వినోదం కోసం రాసినది కాదు. అమాయకుల ప్రాణాలు కాపాడడం కోసం రాసినది. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూర్, మోసానికి తావులేని చోట ఒక్క మహిమ చూపినవారికి లక్ష రూపాయలు ఇస్తానని 1963లో పందెం కాశాడు. ఆయన 1978లో పోయేదాకా దానిని గెలిచినవారు లేరు. ఆయన తరువాత ఆ పని అందుకున్న బి. ప్రేమానంద్ స్వయంగా ఇంద్రజాలికుడు. 2009లో మరణించే వరకు వూరూరా తిరిగి, బాబాలు చేసేవన్నీ తానే చేసి చూపాడు. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు కూడా ఇదే పద్ధతిని పల్లెలకు తీసుకుపోయారు.

చదువుకున్నవారు మోసపోరు అనుకోవడం పొరపాటు. 1979లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వున్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అతీంద్రియ శక్తుల పరిశోధన మొదలైంది. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు ఇద్దరు కుర్ర గారడీవాళ్ళను అక్కడికి పంపాడు. వారు చేతివాటంతో చెంచాలు వంచి చూపితే పరిశోధకులు చాలాకాలం నిజమనే నమ్మారు. 1983లో రాండీయే అసలు సంగతి బయటపెట్టాడు. డిగ్రీలు కాపాడలేని చోట గారడీ తెలిసిన కన్ను కాపాడుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

నేర్చినవాని బాధ్యత

అయితే విద్య రెండు వైపులా పదునున్న కత్తి. 1856లో ఫ్రాన్సు ప్రభుత్వం రాబర్ట్ హుడిన్ అనే గొప్ప ఇంద్రజాలికుని అల్జీరియాకు పంపింది. అక్కడి ఫకీరుల ప్రభావం తగ్గించడం ఆ ప్రయాణం ఉద్దేశం. ఆయన విద్యుదయస్కాంతం దాచిన వేదికపై పెట్టె వుంచి, బలవంతుని బలం లాగేశానని చెప్పి, ఆ పెట్టెను లేవనీయకుండా చేశాడు. జనం హడలిపోయారు. ఒక భయం పోగొట్టడానికి మరొక భయం నాటడం అది. పరాయి పాలనకు గారడీని కాపలా పెట్టడం అది. పల్లె పిల్లవాడు నేర్వవలసినది ఆ దారి కాదు. భయపెట్టి గెలవడం కాదు, భయం తీర్చి గెలవడం కావాలి.

కనుక గారడీ నేర్చే ప్రతి యువకుడు, ప్రతి యువతి ఒక మాట పెట్టుకోవాలి: ఆట ముగిసిన తరువాత "ఇది మంత్రం కాదు, సాధన" అని జనానికి చెప్పి గాని లేవరాదు. ఆ ఒక్క మాటే ఇంద్రజాలికునికీ దొంగబాబాకూ నడుమ గీత.

కిటుకులు అన్నీ చెప్పేస్తే గారడీవాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా అని కొందరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. జవాబు కూడా సులభమే. వినోదం కోసం చేసే ఆట గుట్టు చెప్పనవసరం లేదు. అది ఆ కళాకారుని ఆస్తి. రోగం కుదురుస్తానని, దయ్యం వదిలిస్తానని, లంకెబిందెలు చూపిస్తానని చేసే ఆట గుట్టు దాచనవసరం లేదు. అది దొంగసొత్తు. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు చేయడాన్ని 1954లోనే కేంద్ర చట్టం నిషేధించింది. పొరుగున వున్న మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో దురాచారాలను అడ్డుకునే ప్రత్యేక చట్టాలు చేశాయి. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలోనే చేర్చారు. చట్టం కాగితం మీద వుంటుంది. వూరి నడుమ దానిని నడిపించేది తెలిసిన మనిషే.

గారడీ కూడు పెడుతుందా అని తల్లిదండ్రులు అడగడం సహజం. ప్రతి పిల్లవాడూ సర్కార్ కానక్కరలేదు. ఇంద్రజాలికునిగా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ మనస్తత్వ నిపుణునిగా, వ్యక్తిత్వ వికాస రచయితగా ఎందరికో దారి చూపి 2025 జూన్ 30న కన్నుమూశారు. నలుగురి ముందు నిలబడే ధైర్యం, చేతి నేర్పు, మాట నేర్పు, ఓపిక, ఎదుటివాని చూపు కనిపెట్టే తెలివి – గారడీ నేర్చినవానికి ఇవి మిగులుతాయి. ఇంటర్వ్యూకు పోయినా, దుకాణం పెట్టుకున్నా, పిల్లలకు పాఠం చెప్పినా ఇవి పనికిరానివి కావు.

చేయవలసిన పని

ఇప్పుడు మిగిలిన ప్రశ్న, ఈ విద్య ఎవరు నేర్పాలి అన్నది. నేర్పగలవారు సాధనాశూరుల ఇండ్లలో, పాత గారడీ కుటుంబాలలో ఇప్పటికీ వున్నారు. కాని వారి పిల్లలు కూలి పనులకు, పట్నం పనులకు పోతున్నారు. అంగళ్ళలో జనం నిలబడడం లేదు. నిలబడినా ఫోనులో చూసినదే కదా అని వెళ్ళిపోతున్నారు. వీధిలో విద్య చూపేవారిని బిచ్చగాళ్ళుగా చూసే అలవాటు జనానిదే కాదు, చట్టానిది కూడా. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాటను, ఆటను, ప్రదర్శనను సాకుగా చేసి పైసలు తీసుకోవడాన్నీ బిచ్చం కిందనే జమకట్టింది. ఆ చట్టంలోని చాలా సెక్షన్లను ఢిల్లీకి సంబంధించినంత వరకు అక్కడి హైకోర్టు 2018లో కొట్టివేయవలసి వచ్చింది. తరతరాల సాధనకు బిచ్చమని పేరు పెట్టడం న్యాయం కాదు.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఇప్పుడు ఎనిమిది జిల్లాలయ్యాయి. ఎనిమిదింటికీ కలెక్టర్లు, విద్యాధికారులు వున్నారు. ఒక్కొక్క మండలంలో ఏడాదికి ఒక్కసారైనా ఒక సాధనాశూరుని బడికి పిలిచి, దక్షిణగా కాదు, గౌరవ వేతనంగా నాలుగు రూకలు ఇచ్చి, బాలసభలో పిల్లలకు రెండు ఆటలు నేర్పించమంటే ఖజానాకు వచ్చే నష్టం ఏమీ లేదు. అదే రోజు సైన్సు ఉపాధ్యాయుడు పక్కన నిలబడి నిమ్మకాయ రక్తం, విభూతి వుండ గుట్టు విప్పి చూపితే పాఠం పూర్తవుతుంది. వేసవి సెలవులలో గ్రంథాలయాల వద్ద, యువజన సంఘాలు పంచాయతీ ఆఫీసుల వద్ద ఇటువంటి శిక్షణ పెట్టవచ్చు. బతికివున్న పెద్దల ఆటలను, మాటలను ఫోనులోనే అయినా చిత్రించి దాచవచ్చు. ఇందుకు సంబంధిత అధికారులు, గ్రామ పెద్దలు, ముఖ్యంగా పద్మశాలీ సంఘాల వారు పూనుకోవలసిన అవసరం ఎంతైనా వున్నది.

యువకులు మాత్రం అధికారుల కోసం ఎదురుచూడనక్కరలేదు. ఇంట్లో రూపాయి బిళ్ళ వున్నది. గోడకు అద్దం వున్నది. రోజుకు పావుగంట సమయం వున్నది. పక్క వూరిలో నేర్పే ముసలాయన వుంటే వెళ్ళి దండం పెట్టి అడిగితే కాదనడు. మూడు నెలలు ఓపిక పట్టి ఒక్క ఆట నేర్చినవాడు వూరికి వినోదం ఇస్తాడు. ఆ వూరికి మంత్రగాడు వచ్చిన నాడు, లేచి నిలబడి "ఇది నాకూ వచ్చు, చూడండి" అనగలుగుతాడు. ఆ ఒక్క మాట ఒక ముసలమ్మ ప్రాణం కాపాడవచ్చు.